కౌంట్ అంటే ఏ కౌంట్? సంస్థ లోపలి లెక్కలకు ఒక భాష

నెల్లూరు జిల్లాలో చెరువు గట్టు మీద నిలబడి "నలభై కౌంట్" అంటే కిలోకు నలభై రొయ్యలు, తలతో సహా. అదే సరుకు ఫ్యాక్టరీకి వెళ్ళి, తల తీసి, గ్రేడింగ్ అయి, గడ్డకట్టి అట్టపెట్టెలోకి చేరాక పెట్టె మీద కనిపించే అంకె 26/30. అది కూడా కౌంటే. కాకపోతే అక్కడ కిలో పోయి పౌను వచ్చింది, తల పోయింది. కిలోకు నలభై అంటే ఒక్కో రొయ్య 25 గ్రాములు. తల తీస్తే సుమారు 16 గ్రాములు మిగులుతుంది. పౌనుకు 453.6 గ్రాములు కాబట్టి పౌనుకు 28 తూగుతాయి. అందుకే 26/30, అంటే పౌనుకు 26 నుంచి 30.

కొనుగోలు చూసే వాళ్లకూ ఎగుమతి చూసే వాళ్లకూ ఇందులో గందరగోళమేమీ లేదు. ఎవరి కౌంట్ వాళ్లకు తెలుసు. ఇద్దరి ఎక్సెల్ షీట్లూ నెలాఖరున అకౌంట్స్ వాళ్ల టేబుల్ మీదికి వచ్చినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. రెండింటిలోనూ "కౌంట్" అనే కాలమ్ ఉంటుంది, రెండింటిలోనూ అంకెలుంటాయి. ఏ సైజు రొయ్య మీద ఎంత మిగిలిందో చెప్పమని యజమాని అడిగితే ఈ రెండు షీట్లనూ కలపాలి. కలిపేది ఒక మనిషి, తన బుర్రలో ఉన్న లెక్కతో. ఆ మనిషి సెలవు పెడితే రిపోర్టు ఆగిపోతుంది. ఉద్యోగం మానేస్తే, కొత్తగా వచ్చినవాళ్లు వేరే లెక్క పట్టుకుంటారు, పోయిన ఏడాది అంకెలతో ఈ ఏడాది అంకెలు కలవవు.

వ్యాపార నివేదికలకు ప్రామాణిక డేటా రూపం అనగానే చాలామందికి ప్రభుత్వ పోర్టల్, అప్‌లోడ్ బటన్, గడువు తేదీ గుర్తొస్తాయి. బయటివాళ్లకు లెక్క చెప్పడానికి తెచ్చిన తంతు అది అనే అభిప్రాయం బాగా పాతుకుపోయింది. ఆ రూపాలను తయారుచేసిన ఆలోచన మాత్రం పనికొచ్చేది ఇలాంటి కౌంట్ తగాదా దగ్గరే, అంటే సంస్థ లోపల.

చీటీ కట్టిన అంకె

ఈ రూపాల్లో బాగా పేరున్నది ఎక్స్‌బీఆర్‌ఎల్. పూర్తి పేరు ఎక్స్‌టెన్సిబుల్ బిజినెస్ రిపోర్టింగ్ లాంగ్వేజ్. 1998లో అమెరికాలోని టకోమా నగరంలో చార్లెస్ హాఫ్‌మన్ అనే అకౌంటెంట్, ఎక్స్‌ఎంఎల్ అనే కంప్యూటర్ రాతను ఆర్థిక నివేదికలకు వాడితే ఎలా ఉంటుందని చూడటంతో ఇది మొదలైంది. ఇప్పటికీ ఆధారంగా ఉన్న 2.1 వెర్షన్ 2003 చివర్లో ఖరారైంది. దీని మూల సూత్రం చాలా చిన్నది: అంకెను ఒంటరిగా పంపకూడదు. 4,52,000 అని రాస్తే అది ఏమీ చెప్పదు. అది స్టాకా, బాకీనా? ఏ సంస్థది? ఒక తేదీ నాటిదా, ఒక నెల మొత్తానిదా? రూపాయలా, కిలోలా? ఎంతవరకు రౌండ్ చేసి రాశారు? ఇవన్నీ ఆ అంకెకే కట్టి పంపాలి.

ప్రకాశం జిల్లా వాళ్లకు ఇది వింతగా అనిపించక్కర్లేదు. టంగుటూరు, కొండపి లాంటి చోట్ల పొగాకు వేలం కేంద్రాల్లో జరిగేది ఇదే. 1976 జనవరి 1న ఏర్పడిన పొగాకు బోర్డు ఈ వేలాలను నడుపుతుంది. బేలు ఒంటరిగా వేలానికి రాదు. ఏ రైతుది, ఎన్నో బేలు, ఏ గ్రేడు, ఎంత బరువు అన్న వివరాలు చీటీగా దాంతోపాటే వస్తాయి. వేలం ముగిశాక దానికి ధర, కొన్నవాడి పేరు చేరతాయి. గ్రేడు అంటే ఏమిటో వేలానికి ముందే అందరూ ఒప్పుకుని ఉన్నారు కాబట్టి బేరం ధర మీద నడుస్తుంది, మాట అర్థం మీద కాదు. పొగాకు ధరల మీద రైతులకున్న కష్టాలు వేరే సంగతి, అవి చీటీతో తీరేవి కావు. కానీ బేలు లెక్క మాత్రం రైతు దగ్గరి నుంచి కంపెనీ గోడౌన్ దాకా ఒకే పేరుతో నడుస్తుంది.

ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో గ్రేడుల జాబితాకు సమానమైనదాన్ని ట్యాక్సానమీ అంటారు. తెలుగులో పదకోశం అనుకోవచ్చు. ప్రతి పద్దుకూ ఒక స్థిరమైన పేరు, దాని నిర్వచనం, అది జమా ఖర్చా, ఒక తేదీకి చెందినదా కాలానికి చెందినదా, ఏ పద్దులు కలిస్తే ఏ మొత్తం వస్తుంది, ఏ చట్టం ప్రకారం దాన్ని చూపిస్తున్నారు లాంటి వివరాలు అందులో ఉంటాయి. అంకెలతో నింపిన ఫైలు వేరు, పదకోశం వేరు. ఫైలు ప్రతి నెలా మారుతుంది. పదకోశం నిలిచి ఉంటుంది.

చివర్లో అంటించే లేబుల్

మన దేశంలో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2010-11 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. మొదటి విడతలో లిస్టెడ్ కంపెనీలు, వాటి భారతీయ అనుబంధ కంపెనీలు, 5 కోట్లు, అంతకు మించి చెల్లించిన మూలధనం గానీ, 100 కోట్లు, అంతకు మించి టర్నోవర్ గానీ ఉన్న కంపెనీలు వచ్చాయి. బ్యాంకులు, బీమా, విద్యుత్ కంపెనీలను అప్పట్లో పక్కన పెట్టారు. ఓ మోస్తరు రొయ్యల ఎగుమతి కంపెనీ 100 కోట్ల గీత దాటడం వింతేమీ కాదు. కాబట్టి కోస్తా జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు.

అయితే ఆచరణలో తరచూ జరిగే వరస ఇలా ఉంటుంది. ఏడాది లెక్కలు ట్యాలీలోనో మరో సాఫ్ట్‌వేర్‌లోనో ముగుస్తాయి. అక్కడి నుంచి ఎక్సెల్‌లోకి వెళ్తాయి. బ్యాలెన్స్ షీటు తయారవుతుంది, ఆడిటర్ సంతకం అవుతుంది. ఆ తర్వాత దాన్ని బయట ఎవరికో పంపిస్తే, వాళ్లు ఒక్కో అంకెకూ ఒక్కో ట్యాగు, అంటే పదకోశంలోని పద్దు పేరు, తగిలించి ఫైలు చేసి ఇస్తారు. పోర్టల్ దాన్ని తీసుకుంటుంది. కంపెనీకి మిగిలేది ఒక రసీదు.

బేళ్లన్నీ ఓడరేవుకు చేరాక, వాటిని విప్పకుండా, బయటి నుంచి చూసి గ్రేడు చీటీలు అంటించడం లాంటిది ఇది. లేబుల్ ఉంటుంది, తప్పు కూడా కాకపోవచ్చు. కానీ దానివల్ల సరుకు పండించినవాడికీ మోసినవాడికీ ఒరిగిందేమీ లేదు. అంకె పుట్టిన చోట దాని అర్థం తెలిసిన మనిషి ఉన్నాడు. ట్యాగు వేసే చోట ఆ మనిషి లేడు. దీన్ని ప్రభుత్వ తప్పు అనడం న్యాయం కాదు, ప్రభుత్వం అడిగింది తనకు కావలసినదే. బయటి గుమ్మం దగ్గర అడిగారని ఆ పనిని బయటి గుమ్మానికే వదిలేయడం మాత్రం కంపెనీల సొంత నిర్ణయం.

అమెరికాలో బ్యాంకులు మూడు నెలలకోసారి నియంత్రణ సంస్థలకు ఇచ్చే కాల్ రిపోర్టులను 2005లో ఎక్స్‌బీఆర్‌ఎల్‌లోకి మార్చారు. అక్కడ ఫలితం వచ్చింది ఫైలు రూపం మారినందుకు కాదు. తనిఖీ సూత్రాలను ముందే బ్యాంకుల చేతికిచ్చారు. ఫలానా రెండు పద్దులు కలిస్తే ఫలానా మొత్తం రావాలి, పోయిన త్రైమాసికంతో తేడా ఇంతకు మించితే కారణం రాయాలి లాంటివి. రిపోర్టు బ్యాంకు గుమ్మం దాటక ముందే పొరపాటు దొరికిపోయేది. తనిఖీని అంకె పుట్టిన చోటికి దగ్గరగా జరపడమే అక్కడి కిటుకు.

షెడ్డులో ఉన్నది ఎవరి ధాన్యం?

దీన్ని నెల్లూరు రైస్ మిల్లులోకి తెచ్చి చూస్తే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ ధాన్యం బేరం పుట్టిలో. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. వేరే ప్రాంతంలో పుట్టి అంటే లెక్క వేరు, అందుకే బయటి నుంచి వచ్చిన అకౌంటెంట్‌కు మొదటి నెల తల తిరుగుతుంది. ఒక మిల్లు నూరు పుట్లు కొన్నదనుకుందాం. కాటా చీటీ మీద అది 85,000 కిలోలు. రైతుకు డబ్బు కట్టే పుస్తకంలో 100 పుట్లు. బ్యాంకుకు పంపే స్టాక్ స్టేట్‌మెంట్లో 850 క్వింటాళ్లు. షెడ్డు మేస్త్రీ గోడ మీద సుద్దతో రాసుకున్న లెక్క బస్తాల్లో, అందులోనూ బస్తాకు 75 కిలోలా 70 కిలోలా అన్నది ఆయనకే తెలియాలి. పౌరసరఫరాల వాళ్లతో మాట్లాడేటప్పుడు టన్నులు. ఇంతవరకు ఇది యూనిట్ల గొడవే. ప్రతి అంకెకూ యూనిట్ కట్టి ఉంటే గుణకారం, భాగహారం కంప్యూటర్ చేసుకుంటుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. కొలిచిన బరువు తేమతో కూడినదా, తేమ తరుగు తీసేశాకదా? ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ప్రైవేటు కొనుగోలులో తేమ ఎక్కువైతే తరుగు కింద కొంత కోస్తారు. కోసినదాన్ని కొందరు బరువులో తగ్గించి రాస్తారు, కొందరు ధరలో తగ్గించి రాస్తారు. రైతుకు ముట్టే డబ్బు ఒకటే కావచ్చు, కానీ ఒక పుస్తకంలో క్వింటాళ్లు తగ్గుతాయి, ఇంకో పుస్తకంలో రూపాయలు తగ్గుతాయి. ఒకే మిల్లులో ఇద్దరు గుమాస్తాలు రెండు పద్ధతుల్లో రాస్తే, ఏడాది చివర క్వింటాల్ ధాన్యానికి ఎన్ని కిలోల బియ్యం వచ్చిందనే లెక్కకు విలువ ఉండదు.

దీనికి మించింది సొంతదారు ప్రశ్న. షెడ్డులో ఉన్న ధాన్యమంతా మిల్లుది కాదు. కస్టమ్ మిల్లింగ్ కింద ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం అక్కడే, అవే గోడల మధ్య, పక్క నెట్టులోనే, అంటే పక్క బస్తాల దొంతరలోనే, ఉంటుంది. దాన్ని ఆడించి, పచ్చి బియ్యం అయితే నూటికి 67 వంతుల లెక్కన బియ్యంగా తిరిగి అప్పగించాలి. కాటా మాత్రం ఎవరి ధాన్యాన్నైనా ఒకేలా తూస్తుంది. షెడ్డులో మొత్తం 1,000 క్వింటాళ్లు ఉండి, అందులో 600 ప్రభుత్వానివైతే, బ్యాంకుకు చూపించాల్సింది 400. స్టాక్ స్టేట్‌మెంట్ రాసే మనిషి నెట్లు లెక్కబెట్టి 1,000 అని రాస్తే, దాని మీద లెక్కగట్టే డ్రాయింగ్ పవర్, అంటే స్టాకును చూసి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, ఉండాల్సిన దానికంటే ఎక్కువ వస్తుంది. ఉద్దేశంతో చేసినా అమాయకంగా చేసినా కాగితం మీద తేడా ఒకటే.

ఎక్స్‌బీఆర్‌ఎల్ భాషలో దీన్ని డైమెన్షన్ అంటారు. "ధాన్యం స్టాక్" అనేది ఒకే పద్దు. దానికి "సొంతదారు" అనే కోణం ఉంటుంది, ఆ కోణంలో రెండు విలువలు: సొంతం, ప్రభుత్వం. "నిల్వ చోటు" అనేది ఇంకో కోణం. "తేమ లెక్క" మూడోది. ఈ కోణాలు ఏర్పరచుకోకపోతే జరిగేదేమిటంటే, ప్రతి కలయికకూ ఒక కొత్త పద్దు పుడుతుంది: "గవర్నమెంట్ ధాన్యం పాత షెడ్డు", "సొంత ధాన్యం కొత్త షెడ్డు తడి" అని. రెండేళ్లలో ట్యాలీలో ఆవర్జా ఖాతాలు మూడు వందలు దాటుతాయి. అందులో సగం ఒకసారి వాడి వదిలేసినవి, మిగతా సగంలో ఒకే పేరు మూడు స్పెల్లింగులతో.

ఈ తేడాలు బయటపడే దారులు ఈమధ్య పెరిగాయి. కంపెనీగా రిజిస్టరైన సంస్థకు వర్కింగ్ క్యాపిటల్ పరిమితి 5 కోట్లు దాటితే, బ్యాంకుకు మూడు నెలలకోసారి ఇచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలుస్తున్నాయా లేదా అని ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. కారో 2020 అనే కంపెనీ ఆడిట్ నివేదిక ఉత్తర్వులో వచ్చిన షరతు ఇది, 2021-22 లెక్కల నుంచి అమలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ జాడ నిలవాలి, ఆ జాడను ఆపేసే వీలు ఉండకూడదు. పాతరోజుల్లో మార్చి 31న రాత్రి కూర్చుని అంకెలు "సరిచేసే" అలవాటుకు ఇది గట్టి దెబ్బే. అయినా ఏ పుస్తకంలో ఏ మాటకు ఏ అర్థమో అటు కారో చెప్పదు, ఇటు సాఫ్ట్‌వేర్ చెప్పదు. రెండు అంకెలు కలవలేదని మాత్రమే చెబుతాయి.

గ్రాస్, నెట్

చీమకుర్తి గ్రానైట్ లెక్కలో ఇదే కథ ఇంకో వేషంలో ఉంటుంది. క్వారీలో బ్లాకు కొలత క్యూబిక్ మీటర్లలో. ఫ్యాక్టరీలో పలకల కొలత చదరపు అడుగుల్లో. కంటెయినర్ దగ్గర టన్నుల్లో. సరుకు రకాన్ని గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కూడా దారిలో మారుతుంది: ముడి బ్లాకు 2516 కిందికి, పాలిష్ పట్టిన రాయి 6802 కిందికి వస్తాయి. ఒక క్యూబిక్ మీటరును 2 సెంటీమీటర్ల మందంతో కోస్తే, వృథా ఏమీ లేదనుకుంటే, 50 చదరపు మీటర్లు, అంటే 538 చదరపు అడుగులు రావాలి. రంపం తినేది, అంచులు పోయేది, పగిలేది తీసేస్తే వచ్చేది అంతకంటే బాగా తక్కువ. ఆ తక్కువ ఎంత అన్నదే ఫ్యాక్టరీ మేనేజర్ పనితనానికి కొలమానం.

కానీ బ్లాకుకు రెండు కొలతలు: గ్రాస్, నెట్. ఎగుడుదిగుడు అంచులకు కొన్ని సెంటీమీటర్లు వదిలేస్తే వచ్చేది నెట్. క్వారీ వాళ్లు పంపిన షీటులో గ్రాస్ ఉండి, ఫ్యాక్టరీ పలకల కొలతను దానితోనే భాగిస్తే, బ్లాకుకు వచ్చే పలకల రాబడి ఘోరంగా కనిపిస్తుంది. నెట్‌తో భాగిస్తే బాగుంటుంది. రాయి ఒకటే, రంపం ఒకటే. మీటింగులో మాత్రం క్వారీ మేనేజరుకూ ఫ్యాక్టరీ మేనేజరుకూ మాటామాటా పెరుగుతుంది. వాళ్ల తగాదా పనితనం గురించి అని ఇద్దరూ అనుకుంటారు. అది కాలమ్ పేరు గురించి.

అన్నింటికీ ఎక్స్‌బీఆర్‌ఎల్ కావాలా?

అక్కర్లేదు. ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల మాట పూర్తిగా వినకపోవడం మంచిది. ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో సంస్థ లోపలి లెక్కల కోసమే జీఎల్ అనే శాఖ ఒకటుంది, గ్లోబల్ లెడ్జర్ అని. చిట్టా, ఆవర్జా స్థాయిలో ఒక్కో ఎంట్రీని, దాని వెనకున్న బిల్లును, సరుకు పరిమాణాన్ని కూడా అందులో పట్టుకోవచ్చు. జపాన్ దుస్తుల కంపెనీ వాకోల్ 2000ల మొదట్లో తన వేర్వేరు సిస్టమ్స్ నుంచి వచ్చే లెక్కలను ఒక చోటికి చేర్చడానికి దీన్ని వాడింది. ఉన్నవాటిని పీకి పారేయకుండా మధ్యలో ఒక ఉమ్మడి రూపం పెట్టుకుంది. ఆలోచన చక్కనిది. అయినా బయటికిచ్చే నివేదికల్లో ఎక్స్‌బీఆర్‌ఎల్‌కు వచ్చినంత వ్యాప్తి జీఎల్‌కు రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: బయటి రిపోర్టుకు గడువు, జరిమానా ఉన్నాయి. లోపలి రిపోర్టు ఆలస్యమైతే యజమాని ఒక మాట అంటాడు, అంతే.

పైగా ప్రామాణిక రూపం ఇప్పటికే చాలా సంస్థల గడపలోకి వేరే పేరుతో వచ్చేసింది. ఈ-ఇన్వాయిస్. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ వాళ్లతో మొదలై, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారాలకు వర్తించింది. ఇతర వ్యాపారాలకు గానీ, ఎగుమతికి గానీ వేసే జీఎస్టీ బిల్లు నిర్ణీత గదులున్న జేసన్ ఫైలుగా పోర్టల్‌కు వెళ్తుంది, ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల బిల్లు గుర్తింపు నంబరుతో తిరిగొస్తుంది. అమ్మేవాడి జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు, బిల్లు నంబరు, బిల్లు రకం, ఆర్థిక సంవత్సరం కలిపి ఆ నంబరు తయారవుతుంది కాబట్టి ఒకే బిల్లు నంబరు రెండుసార్లు వెళ్తే పోర్టల్ గుమ్మంలోనే ఆపేస్తుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, యూనిట్ కోడ్ అన్నీ అందులో వాటి వాటి గదుల్లో ఉంటాయి. అంటే అమ్మకాల వైపు శుభ్రమైన, యంత్రం చదవగల డేటా ఇప్పటికే సంస్థ చేతిలో ఉంది. దాన్ని పోర్టల్‌కు పంపి, ఐఆర్‌ఎన్ తెచ్చుకుని, నెల తర్వాత అవే అమ్మకాలను మళ్లీ ఎక్సెల్‌లో చేత్తో కొట్టించే ఆఫీసులు ఉన్నాయంటే, లోపం టెక్నాలజీది కాదు.

కాబట్టి మామూలు మిల్లుకో రొయ్యల ఫ్యాక్టరీకో కావలసింది ముందు పదకోశమే. ఫైలు రూపం తర్వాత సంగతి. ప్రభుత్వం ఇచ్చిన మాటలను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవాలి: హెచ్‌ఎస్‌ఎన్, జీఎస్టీ యూనిట్ కోడ్‌లు, కంపెనీల చట్టం షెడ్యూల్ 3లోని పద్దుల పేర్లు. వాటికి అందని సొంత మాటలే కొత్తగా నిర్వచించుకోవాలి. ఐరోపాలో లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలకు వర్తించే ఈసెఫ్ అనే ఎలక్ట్రానిక్ రూపం నిబంధనల్లో మంచి పద్ధతి ఒకటుంది. కంపెనీ సొంతంగా ఒక ట్యాగు సృష్టించుకుంటే, దానికి దగ్గరగా ఉన్న, దానికంటే విస్తృతమైన ప్రామాణిక ట్యాగుకు దాన్ని కట్టేయాలి. యాంకరింగ్ అంటారు, పడవకు లంగరు వేసినట్టు. మన కంపెనీ ఫైలింగుల్లో సొంత ట్యాగులకు అసలు చోటే లేదు. లోపల మాత్రం సొంత మాటలు లేకుండా పని జరగదు, కానీ లంగరు ఉండాలి. "40 కౌంట్, తలతో, కిలోకు" అన్న సొంత పద్దు పైకి వెళ్ళేకొద్దీ "ముడిసరుకు వినియోగం"లో కలిసిపోవాలి, ఏ దారిలో కలిసిందో కనిపించాలి.

పదకోశంలో ఎన్ని మాటలు ఉండాలనేది ఇంకో తగువు. పెద్ద కన్సల్టెంట్లు వస్తే రెండు వేల మాటల జాబితా ఇచ్చి పోతారు, దాన్ని ఎవరూ తెరవరు. నిజంగా గొడవలు తెచ్చే మాటలు ఏ సంస్థలోనైనా ముప్పై, నలభై మించవు. మిల్లులో "బస్తా" అలాంటిది. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ వెంటనే మార్కెట్లో 26 కిలోల బస్తాలు ప్రత్యక్షమయ్యాయి. సరుకుల జాబితాలో "బియ్యం బస్తా" అని మాత్రమే ఉన్న మిల్లుకు ఏ బస్తాకు పన్ను వేయాలో బిల్లు కొట్టే కుర్రాడే తేల్చాలి. బస్తా బరువు ఒక గదిగా ఉంటే ఆ పని సిస్టమే చేస్తుంది.

రూలు కూడా పదకోశంలోనే రాయాలి. మిల్లాడించిన ధాన్యం బరువు, వచ్చిన బియ్యం, నూకలు, తవుడు, ఊక, తరుగు బరువుల మొత్తానికి సమానం కావాలి. తేడా ఇంత శాతం దాటితే ఎంట్రీ ముందుకు పోకూడదు. ఈ లెక్క అనుభవమున్న ప్రతి గుమాస్తాకూ తెలుసు. కాకపోతే ఆయన తలలో ఉంది, ఆయనతోపాటే ఐదింటికి ఇంటికి వెళ్తుంది.

సహకార రంగంలో ఇదే పని ఇప్పుడు పెద్ద ఎత్తున నడుస్తోంది. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. నాబార్డ్ చేతుల మీదుగా ఉమ్మడి సాఫ్ట్‌వేర్, ఉమ్మడి అకౌంటింగ్ పద్ధతి అందులో ముఖ్యం. కంప్యూటర్లు కొనడం సులువైన భాగం. పాత పుస్తకాల్లో తమకు తోచిన పేర్లతో రాసుకున్న బాకీలను కొత్త పద్దుల్లో ఎక్కడ చూపాలో తేల్చడమే అసలు చాకిరీ. అందుకు ఊరి సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన కార్యదర్శి కావాలి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చాలడు.

తెలుగు లేబుల్

ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో తక్కువమంది పట్టించుకునే సౌకర్యం ఒకటుంది. పద్దుకు స్థిరమైన పేరు ఒకటే, దాని మీద చూపించే లేబుల్ మాత్రం ఎన్ని భాషల్లోనైనా ఉండొచ్చు. అదే పద్దు ఆడిటర్ తెర మీద ఇంగ్లిష్‌లో, షెడ్డు మేస్త్రీ ఫోన్లో "నూకలు" అని తెలుగులో కనిపించవచ్చు. లోపల నడిచేది ఒకటే పద్దు. సంస్థ సొంత పదకోశం ఎక్సెల్‌లో ఉన్నా ఈ ఏర్పాటు చేసుకోవచ్చు: ఒక కాలమ్ కోడ్, ఒక కాలమ్ ఇంగ్లిష్, ఒక కాలమ్ చెరువు గట్టు మీద నిజంగా వాడే మాట. మూడో కాలమ్ ఖాళీగా వదిలేసిన చోటే, చెరువు దగ్గరి కుర్రాడు తనకు అర్థంకాని ఇంగ్లిష్ గదిలో తనకు తోచింది రాసి పంపుతాడు. అక్కడి నుంచి తప్పు పైకి ఎక్కుతుంది.

పదకోశం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు చాలా ఆఫీసుల్లో జవాబు "ఐటీ వాళ్లు". ఇది సరికాదు. ఐటీ వాళ్లు ఫైలును కాపాడగలరు, మాటకు అర్థం చెప్పలేరు. కొనుగోలు, ఉత్పత్తి, అమ్మకం, అకౌంట్స్ నుంచి ఒక్కొక్కరు నెలకోసారి గంట కూర్చుని, గొడవ వచ్చిన మాటలను తేల్చి, తేదీ వేసి రాసుకుంటే చాలు. మొదటి మూడు సమావేశాలు అరుపులతోనే గడుస్తాయి. "నెట్" అన్న ఒక్క మాట మీద ఒక పూట పోతుంది. ఆ పూట పోవలసిందే.

కందుకూరు ఏ జిల్లా?

తేదీ వేసి అన్న ముక్క దగ్గర చాలామంది జారిపోతారు. మాట అర్థం తేల్చాక అది ఎప్పటికీ అలాగే ఉంటుందనుకుంటారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతికి వెళ్లాయి. అద్దంకి, చీరాల బాపట్లకు పోయాయి. రెండు జిల్లాల్లోనూ డీలర్లున్న ఎరువుల కంపెనీనో మేత కంపెనీనో తీసుకుంటే, జిల్లావారీ అమ్మకాల రిపోర్టు ఆ నెలలో తలకిందులైంది. నెల్లూరు అమ్మకాలు ఒక వైపు పెరిగాయి, ఒక వైపు తగ్గాయి. పొలాల్లో, చెరువుల్లో ఏమీ మారలేదు.

కొన్ని ఆఫీసుల్లో డీలర్ జాబితాలో "జిల్లా" గదిని చెరిపేసి కొత్త పేరు కొట్టేస్తారు. దాంతో పాత ఏళ్ల రిపోర్టును మళ్లీ తీస్తే అది కూడా మారిపోతుంది. అప్పట్లో యజమాని సంతకం పెట్టిన కాగితానికీ, ఇప్పుడు తెర మీద కనిపించేదానికీ పొంతన ఉండదు. సరైన పద్ధతి జిల్లాను డీలర్ మీద ముద్ర వేయకుండా, తేదీలతో కూడిన కోణంగా ఉంచడం: 2022 మార్పు ప్రకారం కందుకూరు డీలర్, ఏప్రిల్ 3 వరకు ప్రకాశం, ఏప్రిల్ 4 నుంచి నెల్లూరు. అప్పుడు పాత హద్దులతో ఒక రిపోర్టు, కొత్త హద్దులతో ఒక రిపోర్టు రెండూ తీయవచ్చు, ఏది ఏదో పైన రాసి ఉంటుంది. ఎక్స్‌బీఆర్‌ఎల్ పదకోశాలను వెర్షన్ల వారీగా, తేదీలతో విడుదల చేసేది ఇందుకే. 2010-11 ఫైలును ఈనాటి పదకోశంతో చదవరు. తనను ఏ పదకోశంతో చదవాలో ఆ ఏటి ఫైలే చెబుతుంది.

రొయ్యల కంపెనీ రేపు కౌంట్‌ను తలతో కాక తల లేకుండా కొనడం మొదలుపెట్టినా ఇదే చేయాలి. పాత మాటకు కొత్త అర్థం ఎక్కించకూడదు. పాత పద్దుకు ముగింపు తేదీ వేసి, పక్కన కొత్త పద్దు తెరవాలి, కిలోకా పౌనుకా అన్నది రెండింటి మీదా రాయాలి.